వాపు, బలుపు: ఒక పాము ఖాతా

బ్యాంకులో చేరి ముప్ఫై ఏళ్ళు దాటింది. మనుషుల ఖాతాలు చూశాను, మహిళా సంఘాల ఖాతాలు చూశాను, గుడి హుండీ ఖాతాలు కూడా చూశాను. కాని పాముకి ఖాతా రాయవలసిన రోజు వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. బీకాం చదివినవాడికి పాముల సంగతి ఏం తెలుసని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసింది జమ, ఖర్చు. తీరా చూస్తే ఈ వ్యవహారంలో ఉన్నదీ అదే.

మా తమ్ముడు టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాడు. వాడి కూతురికి పదిహేనేళ్ళు. ఆ ఇంట్లో కుక్క లేదు, పిల్లి లేదు, పాము ఉంది. పేరు లడ్డు. భయపడితే తల లోపల పెట్టుకుని గుండ్రంగా చుట్టుకుపోతుంది కాబట్టి మా పిల్ల ఆ పేరు పెట్టింది. అక్కడివాళ్ళు దీన్ని బాల్ పైథాన్ అంటారు. పడమటి ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ దేశాల వైపు పుట్టిల్లు. మన కొండచిలువకి చిన్న చెల్లెలు అనుకోండి. విషం లేదు, నాలుగైదు అడుగుల కన్నా పెద్దగా పెరగదు, చేతికి చుట్టుకుని గంటసేపు కదలకుండా ఉంటుంది. అమెరికాలో కుక్కపిల్లల్ని పెంచినట్టే వీటిని ఇళ్ళల్లో పెంచుతారు, జత కట్టిస్తారు, పిల్లల్ని అమ్ముతారు.

మాకు ఆదివారం పొద్దున్న అంటే వాళ్ళకి శనివారం రాత్రి. ఆ వేళ వీడియో కాల్ వస్తుంది. వంటింటి తూకం మిషన్ మీద ముందు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా పెట్టి, సున్నా చేసి, అందులో లడ్డుని దించుతుంది మా పిల్ల. "రాసుకోండి పెదనాన్నా" అని అంకె చెబుతుంది. తన దగ్గర కంప్యూటర్లో ఉంటుంది, కాని పెదనాన్న దగ్గర డూప్లికేట్ ఉండాలట. అలా మా బరంపురం ఇంట్లో, పాలవాడి లెక్కల పుస్తకం పక్కనే, పాము తూకాల పుస్తకం ఒకటి వెలిసింది. తారీకు, తూకం, పెట్టిన ఎలుక తూకం, తిన్నదా లేదా, కుబుసం విడిచిన రోజు. అయిదు గడులు.

మొదటిసారి ఆ పిల్ల ఫ్రీజర్ లోంచి గడ్డకట్టిన ఎలుకని తీసి గోరువెచ్చని నీళ్ళలో వేసినప్పుడు మా అమ్మ కూడా ఫోన్ ముందే ఉంది. ఎనభై మూడేళ్ళ మనిషి. కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఆ ఫ్రిజ్‌లోనే పెరుగూ పెడతార్రా?" అని అడిగింది. "కాదు నానమ్మా, దీనికి గరాజ్‌లో వేరే ఉంది" అన్న జవాబు వచ్చేదాకా మాకెవరికీ టిఫిను దిగలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. 2025 వేసవి చివర్లో మా పిల్ల ఒక కబురు చెప్పింది. తన స్నేహితురాలి దగ్గర మగపాము ఉందట. చలికాలం వచ్చాక రెంటినీ జత కట్టిస్తారట. పుట్టిన పిల్లల్ని చెరిసగం పంచుకుంటారట. దానికి ఒక షరతు ఉంది. ఆడపాము కనీసం 1,500 గ్రాములు తూగాలి. పెంచేవాళ్ళందరూ చెప్పుకునే అంకె అది. లడ్డు అప్పటికి 1,460. "ఇంకో నలభై గ్రాములే పెదనాన్నా" అంది. మినిమం బాలెన్స్‌కి నలభై రూపాయలు తక్కువైన ఖాతాదారు మొహం ఎలా ఉంటుందో అలా ఉంది దాని మొహం.

ఈ 1,500 ఎక్కడిదా అని నాకు పట్టుకుంది. మా వృత్తి రోగం అది. ఏ అంకె చూసినా దాని వెనక కారణం అడుగుతాము. పుస్తకాలు తెప్పించుకుని చదివాక నాకర్థమైనది ఇది.

ఆవునో మేకనో తీసుకోండి. చూడితో ఉన్నన్నాళ్ళూ రోజూ మేస్తుంది. ఏ రోజు సంపాదన ఆ రోజు కడుపులోని బిడ్డకి కొంత పోతుంది. జీతగాడి సంసారం అన్నమాట. చాలా జాతుల ఆడపాములది అలా కాదు. అవి ముందు కూడబెడతాయి. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి తిన్నదంతా కొవ్వుగా దాచుకుని, ఆ నిల్వ చాలినంత అయ్యాకనే గుడ్ల సంగతి ఎత్తుకుంటాయి. గుడ్లు కడుపులో పెరిగే రోజుల్లో చాలా వరకు తిండి మానేస్తాయి. అంటే మొత్తం ఖర్చు మూలధనం లోంచే. శాస్త్రజ్ఞులు కూడా వీటిని మూలధనం మీద సంతానం కనే జీవులనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారని తెలిసినప్పుడు నాకు మా ప్రొఫెసర్లు గుర్తొచ్చారు. ఫ్రాన్సులో ఒక జాతి రక్తపింజరి మీద నోలో, బోనే అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ప్రచురించిన పనిలో ఇది స్పష్టంగా తేలింది. ఒంట్లో నిల్వ ఒక గీత దాటిన ఆడపామే గుడ్లు కట్టడం మొదలు పెడుతుంది. గీత కింద ఉన్నది ఆ ఏడు ఊరుకుంటుంది. ప్రకృతే పెట్టిన మినిమం బాలెన్స్.

ఖర్చు ఎంతో చూడండి. బాల్ పైథాన్ మామూలుగా ఆరు గుడ్ల దాకా పెడుతుంది, కొన్ని తక్కువ, కొన్ని ఎక్కువ. ఒక్కో గుడ్డు 80, 90 గ్రాములు. ఆరు గుడ్లంటే అర కిలో. పదిహేను వందల గ్రాముల ప్రాణి ఒక్క రాత్రిలో ఒంట్లో మూడో వంతు బయట పెడుతుంది. అరవై కిలోల మనిషి ఇరవై కిలోల బిడ్డని కన్నట్టు. అక్కడితో ఆగదు, వదిలేస్తే గుడ్ల చుట్టూ చుట్టుకుని దాదాపు రెండు నెలలు అలాగే ఉంటుంది. ఆ రెండు నెలలూ ఉపవాసమే.

అది నేను కళ్ళారా చూశాను, మన వైపే. 1998లో నన్ను గజపతి జిల్లాలో, మోహన వైపు ఒక పల్లె బ్రాంచికి వేశారు. అప్పటికి గజపతి మన గంజాం నుంచి విడిపోయి ఆరేళ్ళు. మే నెలలో ఒకరోజు ఋణాల వసూలుకి వెళ్ళి వస్తుంటే, ఫారెస్టు గార్డు ఒకాయన "అజగర చూస్తారా సార్" అని కొండ వాలుకి తీసుకెళ్ళాడు. పాడుబడిన పుట్ట పక్కన గుంటలో, తాటి మొద్దు లావున కొండచిలువ, గుడ్ల మీద చుట్టలు చుట్టుకుని ఉంది. చుట్టల సందులోంచి తెల్లగా రెండు మూడు గుడ్లు కనిపించాయి. ఎముకల వరస వీపు మీద తేలి ఉంది. ఉండుండి ఒళ్ళంతా జలదరించినట్టు వణికేది. "నెలయింది సార్, కదల్లేదు, తినలేదు" అన్నాడాయన. జ్వరమేమో అనుకున్నాను నేను. కాదట. కండరాలు అలా వణికించి వేడి పుట్టించి గుడ్లకి ఇస్తుంది. 1832లోనే లామార్ పికో అనే ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడు బెంగాల్లో చూసిన దాన్ని బట్టి ఈ మాట చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. 1966లో న్యూయార్కు బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో ఒక తల్లి కొండచిలువకి ఉష్ణమాపకాలు పెట్టి లెక్క తీశాక గాని సందేహం పూర్తిగా తీరలేదు. మన గార్డుకి ఆ గొడవలేవీ తెలియవు. "తల్లి కదా సార్" అన్నాడు.

అన్నట్టు, ఈ కొండచిలువకి శాస్త్ర గ్రంథంలో మొట్టమొదట ఎక్కిన పేర్లలో ఒకటి తెలుగు పేరు. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద బొమ్మలతో పెద్ద పుస్తకం వేయించాడు. పల్లెవాళ్ళు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. కొండచిలువని 'పెద్ద పొడ' అనీ, రక్తపింజరిని 'కాటుక రేకుల పొడ' అనీ. పొడ అంటే మచ్చ. కట్లపాముల జాతికి ఇప్పుడున్న బుంగారస్ అనే పేరు కూడా ఆయన రాసుకున్న మన 'బంగారు పాము' నుంచి వచ్చిందే. రాష్ట్రం దాటి ఉన్న మనలాంటి వాళ్ళకి ఇలాంటి సంగతి దొరికితే ఒక పూట ఆకలి వేయదు.

సరే, ఖాతాకి వద్దాం. తూకమే కావలసింది అయితే తూకం పెంచడం ఏమంత కష్టం? ఎలుకలు ఎక్కువ పెడితే సరి. మా పిల్ల అదే చేసింది. నా పుస్తకంలో పాత పేజీలు తిరగేస్తే కనిపించింది. 2024 అక్టోబరులో లడ్డు 780 గ్రాములు. అప్పటిదాకా పది పన్నెండు రోజులకొక ఎలుక. ఆ తర్వాత అయిదు రోజులకొకటి. తూకాల గడి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కింది. పదకొండు నెలలు తిరక్కుండా దాదాపు రెట్టింపు. నేనే ప్రతి ఆదివారం "శభాష్" అన్నాను. తప్పులో నాకూ వాటా ఉంది.

బ్యాంకులో పనిచేసిన వాళ్ళకి మార్చి 31 తెలుసు. ఆ సాయంత్రానికి డిపాజిట్ల టార్గెట్ చేరాలి. తెలిసినవాళ్ళని బతిమాలి రెండు రోజులకని డబ్బు వేయించుకుంటాము. ఏప్రిల్ 3న అది వెళ్ళిపోతుంది. కాగితం మీద బ్రాంచి బలిసింది, నిజానికి వాచింది. వాపు చూసి బలుపనుకోవడమని మన పెద్దలన్నది దీన్నే. లడ్డు నా పుస్తకంలో వాచిందా, బలిసిందా? తూకం మిషన్‌కి ఆ తేడా తెలియదు.

కంటికి తెలుస్తుందట. ఆరోగ్యంగా ఉన్న పామును అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే, మూలలు అరిగిన త్రికోణంలా ఉండాలి. పైన వెన్నెముక చేతికి తగలాలి గాని కత్తిలా పొడుచుకు రాకూడదు. బొద్దు మరీ ఎక్కువైతే ఒళ్ళు గుండ్రంగా గొట్టమైపోయి, వెన్నెముక ఉండవలసిన చోట గాడి పడుతుంది. చుట్టుకున్నప్పుడు పొలుసుల మధ్య చర్మం విచ్చుకుని కనిపిస్తుంది. తోక మొదట్లో రెండు పక్కలా ఉబ్బు వస్తుంది. ఇలా త్వరత్వరగా మేపి బరువెక్కించడానికి అక్కడ పవర్ ఫీడింగ్ అని పేరు కూడా ఉంది. కొవ్వు కాలేయానికి ఎక్కుతుంది, కడుపులో గుడ్ల దారిని ఇరుకు చేస్తుంది. పాముకి తిండి ఊరికే రాదు కూడాను. బర్మా కొండచిలువ పెద్ద భోజనం చేసిన రెండు రోజుల్లో గుండె 40 శాతం పెరిగినట్టు 2005లో కొలిచారు. అరిగాక మళ్ళీ తగ్గుతుంది. భోజనానికీ భోజనానికీ మధ్య ఖాళీ దానికి ఆకలి కాదు, విశ్రాంతి.

ఇవన్నీ చదివి కూడా నేను పిల్లతో ఏమీ అనలేదు. పెదనాన్నలు ఫోన్లో ఉపదేశాలు చేస్తే ఫోన్లు రావడం మానేస్తాయి. చెప్పింది మా అమ్మ.

2025 అక్టోబరు 25, శనివారం, నాగుల చవితి. ఒడియావాళ్ళు కూడా అదే రోజు నాగల చౌఠి చేస్తారు కాబట్టి మా వీధిలో పుట్ట దగ్గర రెండు భాషల వాళ్ళమూ వరసలో ఉంటాము. పొద్దున్నే పండగని ఫోను వచ్చింది, వాళ్ళకి శుక్రవారం రాత్రి. మా అమ్మ చలిమిడి, చిమ్మిలి పళ్ళెంలో సర్దుకుంటోంది. పాము పాలు తాగదమ్మా, దానికి అరగవు అని నేను చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. "తాగమని ఎవరు పోశార్రా" అంటుంది. దానికి నా దగ్గర సర్క్యులర్ లేదు.

మా పిల్ల లడ్డుని కెమెరా ముందుకి తెచ్చి, "నానమ్మా, పదిహేను వందల పన్నెండు! వచ్చే నెల పెళ్ళి" అంది. అమ్మ పళ్ళెం కింద పెట్టి ఫోను చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఎన్నేళ్ళే దీనికి?"

"రెండేళ్ళు దాటింది నానమ్మా. 2023 ఎండాకాలంలో పుట్టింది."

"దీని తోటివి ఎన్నేళ్ళకి పెడతాయి గుడ్లు?"

"మూడు... కొంతమంది నాలుగు అంటారు."

"ఒళ్ళు వచ్చింది గాని ఈడు రాలేదమ్మా" అంది మా అమ్మ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "మా అత్త మంచిదే. నెయ్యి వేసి పెట్టింది. ఆర్నెల్లలో ఒళ్ళొచ్చింది. ఒళ్ళొచ్చింది కదా అనుకున్నారందరూ" అని, పళ్ళెం తీసుకుని పుట్ట దగ్గరికి వెళ్ళిపోయింది.

అమ్మకి పద్నాలుగో ఏట పెళ్ళయింది, 1956లో, పలాస దగ్గర పల్లె నుంచి బరంపురానికి. మా అందరికన్నా ముందు ఒక అన్న పుట్టాడనీ, ఆరు రోజులు ఉన్నాడనీ మా పెద్దత్త ఒకసారి చెప్పగా విన్నాను. అమ్మ నోట ఆ మాట నేను వినలేదు. ఆ రోజు విన్నది కూడా అంతే.

ఆ సంగతి మా పిల్లకి తెలియదు. "నానమ్మకి కోపం వచ్చిందా పెదనాన్నా?" అని అడిగింది. లేదన్నాను. ఓసారి డాక్టరుకి చూపించమన్నాను.

అక్కడ పాములకీ బల్లులకీ వేరే డాక్టర్లున్నారు. మన మనుషులకే గంజాం పల్లెల్లో పాము కరిస్తే మెడికల్ కాలేజీ దాకా పరుగెత్తాలి, అది వేరే కథ. ఆ డాక్టరు కడుపు మీద స్కానింగ్ చేసి, అండాలు ఇంకా గింజల్లా ఉన్నాయనీ, వాటి చుట్టూ కొవ్వు మాత్రం దండిగా ఉందనీ చెప్పాడట. ఈ ఏడాది వద్దన్నాడు. ఎలుకలు పదిహేను ఇరవై రోజులకొకటి చాలునన్నాడు, అదీ పాము తూకంలో ఇరవయ్యో వంతు మించకుండా. అదే వారం ఇంకో కబురు తెలిసింది. ఆ మగపాము గల స్నేహితురాలి ఇంట్లో కిందటి ఏడు ఒక ఆడపాముని ఇలాగే రెండేళ్ళు నిండకుండా జత కట్టించారట. రెండు గుడ్లు పెట్టింది, మిగతావి లోపల ఇరుక్కుపోయాయి. ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపారు, ఇక గుడ్లు పెట్టదు. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పలేదు పాపం. మా పిల్ల తన జత మానేస్తున్నానని చెప్పినప్పుడు ఏడ్చి చెప్పిందట.

తొందరపడవలసిన ప్రాణి కూడా కాదు ఇది. అమెరికాలోనే సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో 2020 జూలైలో ఒక బాల్ పైథాన్ ఏడు గుడ్లు పెట్టింది. దాని వయసు 62 ఏళ్ళ పైమాటేనని అక్కడివాళ్ళ లెక్క. మగతోడు చూసి ఏళ్ళూ పూళ్ళూ అయింది! నా రిటైర్‌మెంట్ వయసు దాటి రెండేళ్ళ తర్వాత గుడ్లు పెట్టిందంటే రెండో ఏట ఏం తొందర?

ఇది చదివి మన పిల్లలు పాము కావాలని మారాం చేస్తే ఒక్క మాట. మన దేశంలో కొండచిలువ, నాగుపాము వగైరా మన పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. బాల్ పైథాన్ లాంటి విదేశీ ప్రాణుల్ని కూడా 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. పుట్టినా చచ్చినా చేతులు మారినా తెలియజేయాలి. పాముకీ కేవైసీ వచ్చిందన్నమాట. పెంచలేక వదిలేస్తే ఏమవుతుందో ఫ్లోరిడా వాళ్ళని అడగాలి. అక్కడి చిత్తడి అడవుల్లో పెంపుడు జంతువులుగా వచ్చిన బర్మా కొండచిలువలు పెరిగి, అడవి జంతువుల్ని ఖాళీ చేస్తున్నాయి. 2021 డిసెంబరులో పట్టుకున్న ఒక ఆడది 98 కిలోలు తూగింది, కడుపులో 122 గుడ్లు ఎదుగుతున్నాయి, పేగుల్లో లేడి గిట్టలు దొరికాయి. దాన్నెవరూ మేపలేదు. తనంతట తానే ఏళ్ళ తరబడి కూడబెట్టుకుంది.

కూడబెట్టుకోవడమంటే, మనకి కూతవేటులో ఉన్న ఋషికుల్య మొగ దగ్గరికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళదీ ఇదే తంతు. సముద్రంలో తిని దాచుకున్న దానితోనే వచ్చి, ఒక్కొక్కటీ వంద పైచిలుకు గుడ్లు ఇసకలో పాతి వెళ్ళిపోతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. అమ్మని కారులో తీసుకెళ్ళి చూపించాను. ఒక తాబేలు గుంట కప్పుతూ ఇసక మా మీద చిమ్మితే, "పోనీ, దాని పని దాన్ని చేసుకోనీ" అని వెనక్కి జరిగింది.

లడ్డు సంగతి. నవంబరు నుంచి ఎలుకలు తగ్గాయి. 1,512 నుంచి 1,470కి, తర్వాత 1,438కి దిగింది. మొదట్లో ఆ అంకెలు చెప్పేటప్పుడు మా పిల్ల గొంతు నీరసంగా ఉండేది, నష్టాల బ్రాంచి మేనేజరులా. తర్వాత టేపు పెట్టి పొడుగు కొలవడం మొదలెట్టింది. తూకం తగ్గుతున్నా పొడుగు రెండు అంగుళాలు పెరిగిందట. కొవ్వు కరిగి ఎముకకీ కండకీ చేరిందని నేను నా లెక్కల భాషలో చెప్పాను, కరెంటు ఖాతా నుంచి ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి మారిందని. 2026 చలికాలానికి మూడేళ్ళు దాటుతాయి. అప్పుడు మళ్ళీ స్కానింగ్ తీయించి చూస్తుందట. కుదిరితే జత, లేకపోతే ఇంకో ఏడు. ఒకవేళ గుడ్లు పెడితే తర్వాత చిన్న చిన్న ఎలుకలతో మెల్లగా తేరుకోనిచ్చి, మరుసటి ఏడు ఖాళీగా వదలాలని కూడా ఇప్పుడే రాసుకుంది.

కిందటి ఆదివారం ఫోనులో, "పెదనాన్నా, మీ పుస్తకంలో ఇంకో గడి గీయండి" అంది. ఏం గడి అన్నాను. "నానమ్మ చెప్పింది కదా, ఈడు" అంది. స్కేలు తెచ్చి పాత పేజీల నుంచి గీసుకుంటూ వస్తున్నాను. అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, గీత వంకర పోతోందని చెబుతోంది.